పెట్టెకు పెళ్లిచూపులు

వెనకటికి పెళ్లిచూపుల్లో అమ్మాయి చేత పాట పాడించేవాళ్లు. ఏం పాడిందో ఎవరికీ పట్టేది కాదు. నత్తి ఉందా, గొంతు బొంగురా, పాడేటప్పుడు పళ్లు బయటికొస్తున్నాయా అని చూసి, ఉప్మా తిని, కాఫీ తాగి, "ఇంటికెళ్లి కబురు చేస్తాం" అని లేచేవాళ్లు. ఆ దిక్కుమాలిన ఆచారం పోయిందని మనం సంబరపడ్డాం గానీ అది ఎక్కడికీ పోలేదు. హైఫై సిస్టం కొన్న మగవాళ్ల హాల్లోకి మారిందంతే. పెళ్లికొడుకు కుర్చీలో ఇప్పుడు ఒక జత స్పీకర్లు కూచున్నాయి. వాటికి తగిన ఆడగొంతు కావాలి. "మంచి రికార్డింగ్ ఉన్న ఫిమేల్ వోకల్ ఆల్బం ఏదైనా చెప్పన్నా" అని అడుగుతారు. పాటేమిటని గానీ, పాడినదెవరని గానీ అడిగినవాడు నాకింతవరకు తగల్లేదు.

ఈ జబ్బు నంద్యాలకు కాస్త ఆలస్యంగానే వచ్చింది. మొదట ధాన్యం కొట్లు, విత్తనాల వ్యాపారం ఇళ్లు కట్టించాయి. హైదరాబాదు, బెంగుళూరు, అమెరికాల నుంచి కొడుకులు పంపిన డబ్బు వాటి మీద ఇంకో అంతస్తు వేసింది. ఆ పై అంతస్తులో యాంప్లిఫయరు కాపురం పెట్టింది. జాతీయ రహదారి 40 పట్టుకుని కడప వైపు పోతే ఆళ్లగడ్డలోనూ అదే వరస. విచిత్రమేమిటంటే ఎక్కడికి పోయినా పాటల చిట్టా ఒక్కటే. 2002లో వచ్చిన నోరా జోన్స్ తొలి ఆల్బం, డయానా క్రాల్, పట్రీషియా బార్బర్, జెన్నిఫర్ వార్న్స్, ఈవా కాసిడీ. స్వీడన్ నుంచి శిరివెళ్ల దాకా ఇందులో ఒక్క పేరు అటూ ఇటూ కాదు. మన స్తోత్రాలకైనా ఊరికో పాఠాంతరం ఉంటుంది, దీనికి లేదు.

న్యాయంగా ఒక మాట చెప్పుకోవాలి. ఆడగొంతుతో స్పీకరును పరీక్షించడం బొత్తిగా అర్థంలేని పనేం కాదు. మనిషి చెవి 2 వేల నుంచి 5 వేల హెర్ట్జ్ మధ్య మహా చురుకు. చాలా స్పీకర్లలో పెద్ద కోను తన పని ముగించి చిన్న ట్వీటరుకు అప్పగించే చోటు కూడా 2, 3 వేల దగ్గరే. ఆ అప్పగింత కుదరకపోతే ఎంత మంచి గాయనైనా ముక్కుతో పాడినట్టుంటుంది, స, శ, షలు ఈలలవుతాయి. సుజాన్ వేగా వాద్యాలేవీ లేకుండా పాడిన "టామ్స్ డైనర్" పాటను పెట్టుకునే జర్మనీలో కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బర్గ్ ఎంపీ3 పద్ధతిలోని లోపాలు సరిచేశాడు. మొదట్లో అది ఆమె గొంతును నాశనం చేసేదట. ఆయన ఆ పద్ధతి బాగుపడేదాకా విని, బాగయ్యాక దాన్ని లోకం చేతిలో పెట్టాడు. మనవాళ్ల పరీక్షకు అలాంటి ముగింపు లేదు. పాసైన స్పీకరును అమ్మేసి ఇంకోటి తెచ్చి, మళ్లీ అదే అమ్మాయిని పిలిచి పాడమంటారు.

నంద్యాలలో ఒక మిత్రుడి ఇంట్లో ఈ తంతు కళ్లారా చూశాను. సోఫాను గోడ దగ్గర్నుంచి లాగి గది నడిమధ్యకు జరిపాడు. ఒక్కరే కూచోవాలి. పక్కన ఇంకొకరు కూచుంటే "ఇమేజింగ్", అంటే గొంతు ఎదురుగా ఫలానా చోట నిలబడినట్టు తోచడం, చెడిపోతుందట. స్పీకర్ల కింద ఇనుప ముళ్లు, తీగెల కింద పింగాణీ దిమ్మెలు. తీగె నేలను తాకరాదు, మడి. ఈవా కాసిడీని పెట్టి కళ్లు మూసుకోమన్నాడు. "పెదవులు విడిపడిన చప్పుడు విన్నావా అన్నా? పల్లవికి ముందు ఊపిరి తీసింది, విన్నావా?" విన్నాను. వంటింటి గడపలో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న వాళ్లమ్మ కూడా వినింది.

"ఎవుర్రా ఆ పాప? గొంతు పట్టుకపోయినట్టుండాదే. గసపోస్తాంది గదరా, రోంత కషాయమన్నా పోయకపోతిరా?"

"అది డీటెయిల్ మా, నీకు తెల్దు. గమ్మునుండు" అని కసిరాడు.

ఆమె అన్నదే నిజం. 1996 జనవరిలో వాషింగ్టన్‌లోని బ్లూస్ ఆలీ క్లబ్బులో మేం విన్న ఆ ఆల్బం రికార్డు చేసేనాటికి కాసిడీకి జలుబు. మొదటి రాత్రి రికార్డింగు సాంకేతిక లోపంతో పనికిరాకుండా పోతే రెండో రాత్రి పాడిందే దిక్కయింది. తన గొంతు తనకే నచ్చక ఆమె విడుదలకు వెనకాడింది కూడా. అదే ఏడు నవంబరులో, 33 ఏళ్లకే, క్యాన్సరుతో పోయింది. పేరంతా పోయాకే వచ్చింది. తీగె మార్చిన ప్రతిసారీ ఆమె పాట వినే మా మిత్రుడికి ఇందులో ఒక్క ముక్క తెలియదు.

ఆ గది సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. నేలంతా బేతంచెర్ల రాయి, నిగనిగలాడే పాలిష్. గోడలకు నున్నటి పుట్టీ, ఒక పక్క నిలువెత్తు గాజు తలుపు. అలాంటి గదిలో ఒకసారి చప్పట్లు కొడితే గోడలు నాలుగుసార్లు తిరిగి కొడతాయి. పైన ఫ్యాను ఐదులో తిరుగుతోంది. తిరగక ఏం చేస్తుంది, మే నెల, నంద్యాల! ఏసీ వేస్తే వోల్టేజి పడిపోయి స్టెబిలైజరు టకటకమంటుంది. ఇంత సందడిలో "నాయిస్ ఫ్లోర్", అంటే పాట అడుగున ఉండే రొద, తగ్గిస్తుందని ఒక కరెంటు తీగెకు 40 వేలు పోశాడు. ఆ మహిమాన్విత తీగె గోడలోని ప్లగ్గు దాకానే. అక్కణ్నుంచి వీధి చివర ట్రాన్స్‌ఫార్మరు దాకా ఉన్నది అందరి ఇళ్లకూ వచ్చే తీగే, దాని మీద కాకులు. రెండు బొంతలు గోడకు వేలాడదీసి నేల మీద ఒక జంపఖానా పరిస్తే ఆ గదికి సగం రోగం నయమవుతుంది. బొంత ఇంట్లోనే ఉంది, పాత చీరలతో వాళ్లమ్మ కుట్టింది. కానీ బొంతకు రివ్యూ రాసేవాడెవడు? (మట్టిమిద్దె కింద రేడియో ఎంత ఇంపుగా పలికేదో నంద్యాల పాతవాళ్లను అడగండి. ప్రతిధ్వనిని ఆ మట్టిగోడలే మింగేసేవి.)

ఇంతవరకూ నవ్వుకుని వదిలేయొచ్చు. డబ్బు వాళ్లది, చెవులు వాళ్లవి. ఆ తర్వాత మిత్రుడు అన్న మాటకే నాకు ఒళ్లు మండింది. "మన తెలుగులో సరిగ్గా రికార్డయిన ఆడగొంతు లేదన్నా. సుశీల, జానకి, లీల, అంతా మోనో. సిస్టం మీద నిలబడవు."

నిలబడవట! పి. సుశీల ఆరు భాషల్లో పాడిన 17,695 పాటలను లెక్కగట్టి 2016లో గిన్నిస్ వాళ్లు పుస్తకంలోకి ఎక్కించారు. అన్నింటిలో ఒక్కటీ నీ పెట్టెకు ఆనలేదన్నమాట. అయినా గొంతు సరిగ్గా రెండు స్పీకర్ల నడుమ నిలబడాలనేగా ఇన్ని లక్షలు పోసింది? రెండు స్పీకర్లకూ ఒకే శబ్దం పంపే మోనో రికార్డులో గొంతు నిలబడేదే అక్కడ. ఆనాటి మద్రాసు స్టూడియోల్లో గాయని, వాద్యబృందం ఒకే హాల్లో, ఒకే టేకులో పాడి వాయించేవాళ్లు. చివరి చరణంలో వయొలిన్ తప్పితే గాయని మళ్లీ మొదటినుంచి పాడాల్సిందే. ఎవరు మైకుకు ఎంత దూరంలో నిలబడాలో తేల్చడమే మిక్సింగు. ఆ పని చేసినవాళ్ల పేర్లు సినిమా మొదట్లో "శబ్దగ్రహణం" అని వస్తాయి. అప్పటికి మనం ఇంకా సీటు వెతుక్కుంటూ ఉంటాం.

నిజంగా పరీక్షే కావాలంటే మన దగ్గర లేదా? 1957 నాటి "మాయాబజార్" ఉంది. తెర మీద సావిత్రి ఒక్కరే. నిజం శశిరేఖ యుగళగీతాల్లో పి. లీల గొంతు, ఘటోత్కచుడు మాయాశశిరేఖగా మారాక సుశీల గొంతు, మధ్యలో అసలు రూపం పొడుచుకొచ్చినప్పుడు ఘంటసాల. ఈ ముగ్గురి తేడా నీ సిస్టం ఎంత ముచ్చటగా చెబుతుందో విను. 1951 నాటి "మల్లీశ్వరి" ఉంది. తన పాటలు తానే పాడుకున్న భానుమతి, తీసింది మన సీమవాడే, బి.ఎన్. రెడ్డి. సినిమా పాటలు వద్దంటే కీర్తనలున్నాయి. ఆళ్లగడ్డకు అహోబిలం పక్కనే. అక్కడి శఠకోప యతి దగ్గర అన్నమయ్య చదువుకున్నాడని చెబుతారు. ఆ అన్నమయ్య కీర్తనలను ఎమ్మెస్ సుబ్బులక్ష్మి టీటీడీ కోసం "బాలాజీ పంచరత్నమాల"లో పాడింది. దాన్ని ఒక ఆళ్లగడ్డ హైఫై రసికుడికి వినిపిస్తే ఏమన్నాడో తెలుసా? "తంబురా ఎక్కువైంది సార్, బాస్ లేదు."

మిత్రుడి ఫిర్యాదులో పిసరంత నిజం ఉన్న మాట ఒప్పుకుంటాను, కానీ అతను వేలు చూపిస్తున్న దిక్కు తప్పు. రికార్డింగులు చెడ్డవి కావు, మన చేతికి వస్తున్న నకళ్లు చెడ్డవి. హక్కులున్న కంపెనీలు మోనోను సాగదీసి దొంగ స్టీరియో చేశాయి. పాత పాటంటే నూతిలోంచి వినిపించాలన్నట్టు ఎకో పోశాయి. బుస తీసేస్తామని గొంతులోని తడి కూడా తీసేశాయి. చప్పుడు పెంచాలని హెచ్చుతగ్గులన్నీ ఇస్త్రీ చేశాయి. 2010లో మాయాబజార్‌కు రంగులద్దినప్పుడు శబ్దానికి కూడా డీటీఎస్ హంగు తొడిగారు. ఫోన్లో పాట నొక్కితే ఏ టేపు నుంచి తీశారో, ఎవరు తీశారో ఎక్కడా ఉండదు. ఇంత ఘోరం జరుగుతుంటే డబ్బున్న శ్రోత కంపెనీని ఒక్క ప్రశ్న వేయడు. నోరా జోన్స్‌ను ఇంకో తీగెతో వింటాడు.

పోనీ ఆ గొప్ప చెవుల ప్రతాపమైనా చూద్దామా? 2007లో అమెరికాలో మేయర్, మోరాన్ అనే ఇద్దరు హై రిజల్యూషన్ శబ్దాన్ని ఒకసారి నేరుగా, ఒకసారి సీడీ ప్రమాణానికి దించి వినిపించి, ఏది ఏదో చెప్పమన్నారు. 554 ప్రయత్నాల్లో 276 సరైనవి. బొమ్మా బొరుసూ వేసినా అంతే వచ్చేది. 2022లో ఇంకా కమ్మటి సంగతి బయటపడింది. అసలు మాస్టర్ టేపుల పేరు చెప్పి ఖరీదైన ఎల్పీలు అమ్మే మొబైల్ ఫిడెలిటీ కంపెనీ 2011 నుంచీ చాలా రికార్డుల తయారీలో నడుమ డిజిటల్ మెట్టు వాడుతోందట. డిజిటల్ సోకితే ఆమడ దూరం నుంచి పసిగడతామన్న మహానుభావులు అన్నేళ్లూ ఆ రికార్డులనే కళ్లకద్దుకున్నారు.

చెవి అంటే ఏమిటో చూడాలంటే ఆళ్లగడ్డలో శిల్పుల షెడ్ల దగ్గరికి పోవాలి. రాయిని సుత్తితో తట్టి వింటారు. గంటలా ఖంగుమంటే పురుషశిల, తాళంలా మోగితే స్త్రీశిల, మోగకపోతే నపుంసకశిల అని శిల్పశాస్త్రం. లోపల పగులుంటే ఆ చప్పుడులోనే తెలిసిపోతుంది. తట్టడం అయ్యాక సుత్తి పక్కన పెట్టి రాతిని పొగుడుతూ కూచోరు, ఉలి అందుకుంటారు.

అందుకని లక్షలు పోసిన పెద్దమనుషులకు నా విన్నపం ఒకటే. తర్వాతి తీగె కొనేముందు హక్కులున్న కంపెనీకి ఒక ఉత్తరం రాయండి. సుశీల, జానకి, లీల, జిక్కి, భానుమతి పాటలు తలా పన్నెండు చాలు. మోనోను మోనోగా, ఎకో కలపకుండా, ఏ టేపు నుంచి తీశారో చెప్పి, శబ్దగ్రాహకుడి పేరు అట్ట మీద వేసి ఇమ్మనండి. డబ్బు ముందే కడతామనండి. కొనేవాడి మాట తప్ప కంపెనీకి ఇంకెవరి మాటా వినపడదు. ఈలోగా అటక మీద తాతల నాటి రికార్డులుంటే పాతసామాన్లవాడికి వేయకండి. దుమ్ము మెత్తటి గుడ్డతో తుడవండి. స్పిరిటు మాత్రం వాడొద్దు. పాత 78 ఆర్పీఎం రికార్డులు లక్కతో చేసినవి, కరిగిపోతాయి.