కోరలు పీకిన ఉపమానాలు

యేసు చెప్పిన ఉపమానాలను మచ్చిక చేసే విద్యకు దాదాపు రెండు వేల ఏళ్ల చరిత్ర ఉంది. పాముకు కోరలు పీకి బుట్టలో పెట్టుకుని వీధివీధినా ఆడించినట్టు, వినేవాణ్ణి కాటేయడానికి పుట్టిన కథను ప్రమాదం లేని నీతికథగా మార్చి ఆదివారం ఆదివారం వినిపించడమే ఈ విద్య సారం. నేర్చుకోవడం కష్టమేమీ కాదు. కథలో ఎక్కడ నొప్పి పుడుతుందో చూసి, సభికుణ్ణి అక్కడినుంచి లేపి మెత్తటి చోట కూర్చోబెట్టాలి. మిగతాది మైకు చూసుకుంటుంది.

ఈ పని పాస్టర్లతోనే మొదలైందనడం అన్యాయం. బయటివాళ్లు విని కూడా గ్రహించకుండా ఉండేందుకే ఉపమానాల్లో చెబుతున్నానని మార్కు సువార్త 4వ అధ్యాయంలో యేసు అంటాడు. ఆ మాట మత్తయికే మింగుడు పడలేదు. వాళ్లు గ్రహించడం లేదు కాబట్టే ఇలా చెబుతున్నానన్నట్టు మెత్తబరిచి రాశాడు. లూకా అయితే, అన్యాయపు న్యాయాధిపతిని ఒక విధవరాలు వేధించి న్యాయం రాబట్టిన కథకు ముందే, ఇది విసుగు లేకుండా ప్రార్థన చేయడం గురించని చీటీ అంటించాడు. ఇక కోర్టుల గురించి ఆలోచించే శ్రమ పాఠకుడికి లేదు.

తర్వాతి శతాబ్దాల్లో రూపకం చక్కగా పనికొచ్చింది. మంచి సమరయుడి కథకు సంఘ పితరుడు అగస్టీన్ చేసిన వ్యాఖ్యానంలో దొంగల చేతిలో దెబ్బలు తిన్నవాడు ఆదాము, సమరయుడు క్రీస్తు, పూటకూళ్ల ఇల్లు సంఘం, దాని యజమాని సాక్షాత్తూ పౌలు. ఇన్ని పాత్రల మధ్య రోడ్డు మీద రక్తమోడుతున్న మనిషి ఎక్కడా కనిపించడు. 1888లో జర్మన్ పండితుడు ఆడాల్ఫ్ యూలిచర్ ఈ రూపకాల గొడవంతా తోసిపుచ్చి, ఒక్కో ఉపమానానికి ఒక్కటే సారమన్నాడు. మంచిదే. కాకపోతే ఆయన తేల్చిన సారం చాలాచోట్ల ఏ పెద్దమనిషీ కాదనలేని సామాన్య ధర్మమైంది. అంత నిరపాయమైన మాటలు చెప్పినందుకు ఎవరినైనా సిలువ ఎందుకు వేస్తారో మాత్రం తెలియదు.

అందరికీ తెలిసిన మంచి సమరయుడి కథనే చూడవచ్చు. యెరూషలేము నుంచి యెరికోకు దారి సుమారు 27 కిలోమీటర్లు, దాదాపు వెయ్యి మీటర్ల దిగుడు. దారిలో యాజకుడు తప్పుకుపోయాడు, లేవీయుడు తప్పుకుపోయాడు. మూడో మనిషి మామూలు యూదుడై ఉంటే శ్రోతలు చప్పట్లు కొట్టేవాళ్లు. వచ్చింది సమరయుడు. గెరిజీము కొండ మీది సమరయుల గుడిని యూదుల పాలకుడు యోహాను హిర్కానస్ క్రీ.పూ. రెండో శతాబ్ది చివర్లో నేలమట్టం చేశాడు. సమరయులు యెరూషలేము ఆలయంలోకి దొంగచాటుగా చొరబడి మనుషుల ఎముకలు చల్లిన సంగతి చరిత్రకారుడు జోసెఫస్ రాశాడు. అంతెందుకు, లూకాలో ఈ కథకు ఒక్క అధ్యాయం ముందే ఒక సమరయ గ్రామం యేసును రానివ్వదు. ఆకాశం నుంచి అగ్ని రప్పించి ఊరు తగలబెట్టమంటారా అని శిష్యులు అడుగుతారు. ఆ వేడి చల్లారకముందు చెప్పిన కథ ఇది. శ్రోత పడి ఉన్నది గోతిలో. అతని గాయాలకు నూనె పోసి కట్టు కడుతున్నది, ఊరితో సహా తగలబెట్టాలనుకున్న మనిషి.

వేసవి సెలవుల్లో నడిచే వీబీఎస్ (వెకేషన్ బైబిల్ స్కూల్) తరగతుల్లో ఇది పది నిమిషాల నాటకం. అమ్మ చున్నీ తలపాగా అవుతుంది, గాడిదగా వంగడానికి అందరికన్నా చిన్నవాడు దొరుకుతాడు, సమరయుడి వేషం కోసం పిల్లలు కొట్టుకుంటారు. గోతిలో పడుకునే వేషం ఎవరికీ అక్కర్లేదు. పెద్దలకూ అంతే. సంబంధాలు చూసేటప్పుడు క్రైస్తవ కుటుంబాల్లోనూ కులం అడిగే తెలుగు నేల మీద, గోతిలో పడ్డ పెద్దింటి విశ్వాసి ఎవరి చేతి నీళ్లు తాగి బతికాడో కులం పేరుతో సహా ప్రసంగంలో చెప్పవచ్చు, కానీ చెబితే నొప్పి సభికుడికే. అందుకే సమరయుణ్ణి జాగ్రత్తగా సమరయలోనే ఉంచుతారు. 1980లో బ్రిటన్ ప్రధాని మార్గరెట్ థాచర్ ఇంకో కోణం కనిపెట్టారు: మంచి మనసొక్కటే ఉంటే సమరయుణ్ణి ఎవరూ గుర్తుపెట్టుకునేవారు కాదట, అతని దగ్గర డబ్బు కూడా ఉందట. ఆ డబ్బు రెండు దేనారాలు. అంటే రెండు రోజుల కూలి.

డబ్బు ప్రస్తావన అసలుగా ఉన్నది తలాంతుల ఉపమానంలో. ఒక్క తలాంతు ఆరు వేల దేనారాలు, కూలివాడికి ఇరవై ఏళ్ల సంపాదన. యజమాని అప్పగించిన తలాంతును మట్టిలో పాతిపెట్టిన మూడో పనివాడు, విత్తని చోట కోసుకునే కఠినుడివని అతని ముఖం మీదే అంటాడు, యజమాని కాదనడు. వడ్డీకైనా ఇవ్వకపోయావా అని గద్దిస్తాడు. సాటి ఇశ్రాయేలీయుడి దగ్గర వడ్డీ పుచ్చుకోవడాన్ని ధర్మశాస్త్రం నిషేధించింది. ఈ యజమాని నిజంగా దేవుడేనా అని విశ్వాసికి కనీసం అనుమానం రావాలి. మూడో పనివాడే దోపిడీని బయటపెట్టినవాడని బైబిల్ పండితుడు విలియం హెర్జోగ్ 1994లో వాదించాడు; ఒప్పుకోకపోయినా జవాబు చెప్పాల్సిన వాదన అది. ప్రసంగాల్లో ఆ బెడద ఉండదు. మామూలు రోజుల్లో తలాంతు అంటే పాట పాడే గొంతు, కీబోర్డు వాయించే వేళ్లు. మందిర నిర్మాణం మొదలైన ఏడు మాత్రం అది మళ్లీ డబ్బవుతుంది.

బాకీపత్రాలు తిరగరాయించిన గృహనిర్వాహకుణ్ణి యజమాని మెచ్చుకునే కథ ఉంది. దాన్ని మచ్చిక చేయడం కష్టం కాబట్టి చదవకుండా పేజీ తిప్పేస్తారు.

ద్రాక్షతోట పనివాళ్ల కథ మరీ చిక్కు. రోజంతా ఎండలో మాడినవాడికీ పొద్దువాలాక గంట పనిచేసినవాడికీ ఒకే దేనారం. పైగా చివర వచ్చినవాళ్లకే ముందు ఇమ్మంటాడు యజమాని. పొద్దున్నే వచ్చినవాళ్లకు ముందు ఇచ్చి పంపేస్తే గొడవే లేదు. వాళ్ల కళ్లముందే జరగాలని అలా చేయించాడు. ఎవరూ పనికి పిలవకనే నిలబడ్డామని చివరివాళ్లు చెప్పిన జవాబు హైదరాబాదు అడ్డా మీద పది దాటినా పని దొరకని కూలీకి ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. వ్యాఖ్యాతలు ఆ గంటలను ఆదాము, నోవహు, అబ్రాహాము, మోషేల యుగాలుగా పంచేశారు. ప్రసంగీకులు చావు మంచం మీది మారుమనసుగా సర్దారు. కూలి లెక్క అలా మోక్షం లెక్కయింది. దాన్ని కూలి లెక్కగానే చదివిన ఆంగ్ల రచయిత జాన్ రస్కిన్ 1860లో ఆ కథలోని మాటనే శీర్షికగా పెట్టి ఆర్థిక వ్యాసాలు రాస్తే లండన్ పెద్దమనుషులు మండిపడ్డారు. ఆ పుస్తకాన్నే 1904లో దక్షిణాఫ్రికాలో రైల్లో చదివి గాంధీ బతుకు మార్చుకున్నాడు, తర్వాత ‘సర్వోదయ’ పేరుతో గుజరాతీలో దాని సారం రాశాడు. ఉపమానం సరిగ్గా తగిలింది బాప్తిస్మం పొందని మనిషికి.

సుంకరిలా లేనందుకు దేవుణ్ణి స్తుతించిన పరిసయ్యుడి కథ విన్నాక సభంతా తల వంచి, ఆ పరిసయ్యుడిలా తమను పుట్టించనందుకు దేవుడికి స్తోత్రం చెబుతుంది.

మిగిలింది తప్పిపోయిన కుమారుడు. క్రమం తప్పక చర్చికి వచ్చేవాడు ఈ కథలో పెద్దకొడుకు. పందుల దగ్గర్నుంచి వచ్చిన తమ్ముడికి విందేమిటని అలిగి వాకిట్లో నిలబడ్డవాడు. తండ్రే బయటికొచ్చి బతిమాలతాడు. లోపలికి వెళ్లాడో లేదో లూకా చెప్పలేదు, కథ అక్కడే ఆగిపోయింది. యువజన కూటాల నాటకాల్లో ఆ లోటు పూడ్చేశారు. అన్న కన్నీళ్లతో లోపలికొస్తాడు, తమ్ముణ్ణి కౌగిలించుకుంటాడు, కీబోర్డు మోగుతుంది, ఫొటోలు దిగుతారు, ఆ వెంటనే భోజనాలు.