వానకి కూడా చందానా?

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవని మా నాయనమ్మ అంటుండేది. ఇప్పుడు అందులో మొదటిది తెలుసుకోవాలంటే నెలకి 99 రూపాయలట. రెండోదానికి ఇంకా ఎవడూ చందా పెట్టలేదు. పెట్టేదాకా నేను ఉండను గనక నాకా బెంగ లేదు.

ఏంట్రా అబ్బాయ్, నవ్వుతున్నావు? నవ్వు. మీకు నవ్వడానికీ డేటా కావాలి, మాకు అరుగు చాలేది.

మా దివిసీమలో ఓ కుర్రాడున్నాడు. బీటెక్ చదివాడు. ఉద్యోగం కోసం రెండేళ్లు హైదరాబాదులో చెప్పులరగదీసి, తిరిగొచ్చి మబ్బులు చూసుకుంటున్నాడు. మా రోజుల్లో మబ్బులు చూస్తూ కూర్చున్నవాణ్ణి పనికిమాలినవాడు అనేవాళ్లు, ఇప్పుడు వెదర్‌మ్యాన్ అంటున్నారు. వాడికో వాట్సాప్ గ్రూపు, ఓ యూట్యూబ్ ఛానెలు. మా మనవడు నాతో మాట మాత్రమైనా అనకుండా నా ఫోన్ని ఆ గ్రూపులో చేర్చాడు. మొదటి రోజే ఓ చదరపు బొమ్మ వచ్చింది, నిండా నల్లటి గళ్లు. కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూసి, "వాయుగుండం ఎక్కడుందిరా ఇందులో?" అన్నాను. "అది వాయుగుండం కాదు తాతయ్యా, క్యూఆర్ కోడు. డబ్బులేయమని" అన్నాడు వాడు.

మేమెప్పుడైనా వానకి డబ్బిచ్చామా? చంద్రుడి చుట్టూ వరదగుడి కట్టిందా, గుడి దూరంగా ఉంటే వాన దగ్గర, దగ్గరగా ఉంటే వాన దూరం. చీమలు గుడ్లు మోసుకుని గోడెక్కుతున్నాయా, పిడకలు లోపల పెట్టుకో. రోహిణికి రోళ్లు పగలాలి, మృగశిర కురిస్తే ముసలెద్దు కూడా రంకె వెయ్యాలి. మా ముసలెద్దు ఒక్కసారీ రంకె వేసిన పాపాన పోలేదు, అది వేరే సంగతి. వానని మిల్లీమీటర్లలో కొలవాలని కూడా మాకు తెలియదు. పొద్దున్నే చేలోకెళ్లి మట్టిలో వేలు గుచ్చితే తెలిసిపోయేది, ఎన్ని అంగుళాల పదునయిందో.

ఉగాది నాడు రామాలయంలో పంతులుగారు పంచాంగం చదివేవారు. ఈ ఏడు మేఘాధిపతి ఎవరు, ఎన్ని తూముల వాన, అందులో సముద్రం మీద ఎన్ని పాళ్లు, కొండల మీద ఎన్ని పాళ్లు, మన నేల మీద ఎన్ని పాళ్లు, మొత్తం ఏడాది లెక్క ఒక్క పూటలో తేల్చేసేవారు. క్యూఆర్ కోడుందా? లేదు. బియ్యం, కందిపప్పు, అరటికాయలు, పైన తాంబూలంలో ఓ రూపాయి పెట్టి స్వయంపాకం ఇచ్చేవాళ్లం. అది చందా కాదురా, మర్యాద. ఏడాదికోసారి ఇచ్చేది. తప్పనిసరిగా.

తర్వాత పంచాయతీ ఆఫీసుకి రేడియో వచ్చింది. విజయవాడ కేంద్రం వార్తల చివర వాతావరణం చెప్పేవాళ్లు. "కోస్తా జిల్లాల్లో అక్కడక్కడ ఓ మోస్తరు వర్షాలు." ఎంత గొప్ప మాటరా అది! వాన పడితే మాకే చెప్పారు, పడకపోతే పక్క ఊరికి చెప్పారు. ఆ 'అక్కడక్కడ'లో మా ఊరుందో లేదో అరుగు మీద పొద్దెక్కేదాకా వాదించుకునేవాళ్లం. ఇప్పుడీ కుర్రాడు మధ్యాహ్నం రెండు దాటాక మూడున్నర లోపల అని రాస్తాడు. ఇక మనుషులు మాట్లాడుకోడానికేం మిగిలింది?

ఆ రేడియో మాత్రం ఊరికే మాట్లాడేది. అంటే, మా ఇంట్లోకీ ఒకటి వచ్చాక ఏటా పోస్టాఫీసుకెళ్లి లైసెన్సు కట్టేవాళ్లం, కట్టకపోతే ఇన్‌స్పెక్టరు వస్తాడని మా నాన్న దాన్ని దుప్పటి కప్పి దాచిన సందర్భాలూ ఉన్నాయి. ఎనభైల్లో ఆ లైసెన్సు ఎత్తేశారు. ఇంకోటి కూడా చెప్పేస్తాను, ఎలాగూ మీరు తవ్వి తీస్తారు. వాన మొహం చాటేస్తే రోకలికి కప్పని కట్టి, వేపరెమ్మలు చుట్టి, ఇల్లిల్లూ తిరిగేవాళ్లు. ప్రతి ఇంటావిడా బిందెడు నీళ్లు గుమ్మరించి చేటెడు బియ్యం పోసేది. అంటే ఊరంతా కలిసి... సరే, అదీ ఒక రకం చందాయే అనుకో. కానీ అక్కడ కప్ప ఉండేది. కప్పకీ క్యూఆర్ కోడుకీ పోలికేంటి?

తుపాన్లకి పేర్లుండేవి కాదు. ఏ ఏడు వస్తే ఆ ఏటి తుపాను, అంతే. 2004 నుంచి మన సముద్రాల్లో పుట్టిన ప్రతిదానికీ బారసాల చేస్తున్నారు. హుద్‌హుద్ ఒమన్ వాళ్లు పెట్టిన పేరు, తిత్లీ పాకిస్తాన్ వాళ్లది, మిచౌంగ్ మయన్మార్ వాళ్లది. మాకు నంబర్లుండేవి. బందరు రేవులో ఒకటో నంబరు ప్రమాద హెచ్చరిక, మూడో నంబరు, పదో నంబరు. పదకొండు కూడా ఉంది తెలుసా? హెచ్చరిక కేంద్రంతో మాటలే తెగిపోయాయి అంటే పదకొండు. మీ ఇంట్లో వైఫై పోయినప్పుడు మీ మొహాల మీద నాకు కనిపించేది అదే.

1977 నవంబరు 19, శనివారం. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. ఏ నంబరు ఎగరేశారో, రేడియో ఏం చెప్పిందో మా ఊళ్లో వినడానికి కరెంటూ లేదు, బ్యాటరీలూ లేవు. సాయంత్రానికి సముద్రం లేచొచ్చింది. లెక్కలోకి ఎక్కినవాళ్లే దాదాపు పదివేలు. మా నాయనమ్మ పోయింది ఆ రోజే. రాకడా పోకడా రెండూ ఒకేసారి తెలిశాయి ఆవిడకి.

ఏం చెప్తున్నాను? ఆ, 99 రూపాయలు.

కుర్రాణ్ణి ఇంటికి పిలిపించి నిలదీశాను. ఏరా, అమెరికా వాళ్ల వాన లెక్క ఊరికే దొరుకుతుందట, రోజుకి నాలుగుసార్లు. బందరు రాడార్ బొమ్మలు మన వాతావరణ శాఖ వాళ్లు ఊరికే పెడతారట. చాలాకాలం డబ్బు పుచ్చుకున్న యూరప్ వాళ్లు కూడా ఈమధ్య తలుపులు తీశారట. అన్నీ ఊరికే వస్తుంటే మధ్యలో నీకెందుకివ్వాలి? వాడు మజ్జిగ తాగి, గ్లాసు పక్కనపెట్టి, "బియ్యం డిపోలో ఊరికే ఇస్తున్నారు తాతగారూ, అన్నం ఎవరొండుతారు?" అన్నాడు. ఈ కాలం పిల్లలకి పెద్దల ముందు నోరెక్కువ.

యూరప్ వాళ్ల రాత్రి లెక్క మనకి పదకొండు దాటాక గానీ రాదట. దాని కోసం వీడు మేలుకుని కూర్చుంటాడు. ఆ లెక్క కట్టే కంప్యూటరు ఇటలీలో బొలోన్యా అనే ఊళ్లో ఉందట. నాగాయలంక పక్కన నా మూడెకరాల మీద వానకి ఇటలీలో లెక్క! అది ఒకటి చెప్తే అమెరికాది ఇంకోటి చెప్తుంది, రెండింట్లో ఏది మన సముద్రం తీరు ఎరిగి మాట్లాడుతోందో వీడు తేల్చాలి. మబ్బు పట్టి గాలి ఆగిపోతే రొయ్యల చెరువుల్లో తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతుంది కదా, అందుకని చెరువుల వాళ్లు వాడికి 500 కూడా ఇస్తారు, ఏరేటర్లు ఎప్పుడు తిప్పాలో, మేత ఎప్పుడు తగ్గించాలో చూసుకోడానికి. పెళ్లిళ్ల షామియానా వాళ్లిస్తారు, ఇటుక బట్టీల వాళ్లిస్తారు. వరి రైతులం మాత్రం ఒకడు కట్టి పదిమందికి ఫార్వర్డ్ చేస్తాం. వాడికి తెలుసు. ఏమీ అనడు. తుపాను పుట్టిందంటే మాత్రం గ్రూపు గేట్లు బార్లా తీసేస్తాడు, కట్టినవాడికీ కట్టనివాడికీ ఒకే కబురు. కింద ఎప్పుడూ ఓ వాక్యం రాస్తాడు, ఇది నా అంచనా మాత్రమే, హెచ్చరిక అంటే వాతావరణ శాఖ వాళ్లదే అని. ఆ వినయం నాకు నచ్చింది. ఈ మాట వాడితో చెప్పకు.

వాడి ఛానెలు చూసేవాళ్లు తక్కువ. ఎందుకంటే పక్కనే ఇంకో ఛానెలుంది, చందా అడగదు. ప్రకటనలే దానికి తిండి. అందుకని బంగాళాఖాతంలో ఓ మబ్బు తుమ్మితే చాలు, ఎర్రక్షరాల్లో 'ముంచుకొస్తున్న మహా ప్రళయం'. ఓ ఏడు కార్తీకంలో ఆ ప్రళయాలు నేను ఆరు లెక్కపెట్టాను, ఆరింటికీ కలిపి మా పెరట్లో తులసికోట తడవలేదు. ఊరికే చెప్పేవాడు కేకలు పెడతాడు, డబ్బడిగేవాడు నెమ్మదిగా మాట్లాడతాడు. మా రోజుల్లో కేకలు పెట్టేవాడే డబ్బులూ అడిగేవాడు, ఎవరేంటో గుర్తుపట్టడం తేలిక.

నేనెందుకు కడుతున్నానంటావా? కట్టేది మా మనవడు. సరే, మొదటి నెల మనవడు, తర్వాత నుంచి నేనే. 2023 డిసెంబరులో మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటడానికి మూడు రోజుల ముందే ఆ కుర్రాడు రాశాడు, కోసిన పనలుంటే కుప్పేసుకోండి, కొయ్యనివి కొయ్యకండి అని. నేను తిట్టుకుంటూ కూలీల్ని పిలిచి కుప్పేయించి బరకాలు కప్పించాను. పక్క చేను వాడు ఆకాశం చూసి, ఏం కాదులే అన్నాడు. ఆకాశం చూడ్డం వాడికి నేర్పింది నేనే, ఆ పాపం నాది.

ఇప్పుడు గ్రూపులో కొత్త పద్ధతొకటి వచ్చింది. ఎవరి ఊళ్లో పడ్డ వాన వాళ్లే కొలిచి పొద్దున ఎనిమిదిన్నరకి పెట్టాలట, వాతావరణ శాఖ వాళ్ల దినం కూడా అప్పుడే తెగుతుందట. చందా కట్టలేనివాళ్లు ఇది పెడితే చాలునట. ఓ కూల్‌డ్రింకు సీసా మెడ కోసి, దాన్నే గరాటులా బోర్లించి, అడుగున గులకరాళ్లు పోసి, సున్నా గీత దాకా నీళ్లు నింపి డాబా మీద పెట్టాను. చందా కడుతూ కొలత కూడా పెట్టే వెర్రివాణ్ణి గ్రూపు మొత్తానికి నేనొక్కణ్ణే. మా ఆవిడ చూసి, ముసలాయనకి మతి పోయిందని కోడలితో అంటోంది.

ఉండు, టైమవుతోంది, మేడెక్కి రావాలి. నిన్న మాకు 28 అని పెడితే పక్కూరివాడు 31 అని పెట్టాడు. రెండూళ్ల మధ్య కాలవ గట్టు తప్ప ఏముందని? వాడు కచ్చితంగా సీసా వంచి చూసుంటాడు.