నాబేశ్వరరావు

ఆయన అసలు పేరు మా అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ పుస్తకంలో ఉంది. అక్కడే ఉండనిద్దాం. నిజాంపేటలో మా ఐదంతస్తుల వాళ్లూ ఆయన్ని చాటుగా పిలుచుకునే పేరు నాబేశ్వరరావు. పెట్టింది మా ఆవిడ. ఏ ముహూర్తాన పెట్టిందో, అతుక్కుపోయింది.

ఈ జాతి మనుషుల్ని మీరూ చూసే ఉంటారు. నలభై దాటుతుంది, సాఫ్ట్‌వేర్‌లో జీతం కుదురుకుంటుంది, బీపీ మాత్ర మొదలవుతుంది, కాలేజీ రోజుల్లో కొనుక్కోలేకపోయిన గిటారు గుర్తొస్తుంది. గిటారుతో పాటు ఓ 10 వాట్ల ప్రాక్టీస్ ఆంప్ ఇంటికొస్తుంది. తాతగారి రేడియో అంత పెట్టె. ముందు జల్లెడలాంటి గుడ్డ, లోపల 6.5 అంగుళాల స్పీకరు, నెత్తిన వరసగా నాబ్‌లు. ఇక అంతే సంగతులు. గిటారు మూలకి చేరుతుంది, మనిషి నాబ్‌ల ముందు బాసింపట్టు వేస్తాడు.

ఆయన మా పై ఫ్లాట్‌లోకి వచ్చి మూడేళ్లు. ఈ మూడేళ్లలో ఒక్క పాట పూర్తిగా విన్న పాపాన పోలేదు. ‘టుంగ్’ అని ఒక తీగ మోగుతుంది. కాసేపు నిశ్శబ్దం. మళ్లీ అదే ‘టుంగ్’, ఈసారి కొంచెం ముక్కుతో. “పాట ఎప్పుడండీ?” అని లిఫ్టులో అడిగితే, “ముందు టోన్ కుదరాలి కదండీ” అంటాడు, ఇంటి పునాది గురించి మేస్త్రీ చెప్పినంత గంభీరంగా.

ఆయనకి గడియారం భాష ఒకటుంది. నాబ్ మీది తెల్ల గీత ముల్లు కింద లెక్క. నిట్టనిలువుగా ఉంటే పన్నెండు. ఓ ఆదివారం వాళ్లావిడ వంటింట్లోంచి “ఎప్పుడు?” అని అరిచిందట. ట్రెబుల్ ధ్యాసలో ఉన్న ఈయన “ఒంటిగంటైతే మరీ గీపెడుతోంది, పదకొండున్నరకి పెట్టేశా” అన్నాడట. ఆవిడ పదకొండున్నరకే వడ్డించి కూర్చుంది.

బాత్‌రూమ్ పైపు కారుతోందని చెప్పడానికి ఒకసారి పైకి వెళ్లాను. కుర్చీ చూపించి, “గెయిన్ వేరు, వాల్యూమ్ వేరు. అందరూ రెండూ ఒకటే అనుకుంటారు” అన్నాడు. నేనసలు ఏమీ అనుకోవడం లేదు, నా మనసంతా పైపు మీదుంది.

“ఆవకాయ కలిపేటప్పుడు ఎంత కారం పోశామన్నది గెయిన్. కంచంలో ఎంత వేసుకున్నామన్నది వాల్యూమ్. ఘాటైన ఆవకాయ వేలి మొనంత నాకినా నషాళానికి అంటుతుందా లేదా? అలాగే గెయిన్ పెంచి, వాల్యూమ్ తగ్గించామనుకోండి, పక్కింటి పాపాయి లేవకుండా రాక్ వాయించుకోవచ్చు.”

ఒప్పుకోవాలి, ఇంత చక్కగా నాకెవరూ చెప్పలేదు. ఇంతకీ ఆ కారం ఎక్కణ్నుంచి వస్తుందంటే, గిటారు పంపే బుల్లి కరెంటు అలని పెంచుకుంటూ పోతే ఒక దశ దాటాక సర్క్యూట్ ఇక మోయలేదు. అల నెత్తి చదునుగా తెగిపోతుంది. ఆ తెగినదే మన చెవికి గరగర. “పొరపాటున పుట్టిన గరగరేనండీ, తర్వాత జనం దానికోసమే డబ్బులిచ్చారు. కింక్స్ అని లండన్ బ్యాండు. ‘యూ రియల్లీ గాట్ మీ’ అనే పాట, 1964. అందులో గిటారు వాయించిన డేవ్ డేవిస్, చిన్న ఆంప్ తీసుకుని దాని స్పీకరు కాగితాన్ని బ్లేడుతో చీరేశాడు. ఆ చిరిగిన మోతే పాటయింది.” అంటూ తన స్పీకరు వైపు ఓరగా ఒక చూపు చూశాడు. ఆ మర్నాటి నుంచి ఆ ఇంట్లో షేవింగ్ బ్లేళ్లు బీరువాలో, తాళాలు ఆవిడ బొడ్లో ఉంటున్నాయని భోగట్టా.

ఆంప్ మొత్తం మీద ఆవిడకి నచ్చేది ఒక్క కంతే, హెడ్‌ఫోన్ కంత. అందులో పిన్ను దూర్చగానే స్పీకరు నోరు మూతపడుతుంది. “కనిపెట్టినవాడి కడుపు చల్లగుండ” అంటుందావిడ. పెళ్లిరోజుకి హెడ్‌ఫోన్స్ కానుకగా ఇచ్చింది. 20 వాట్లది కొంటానని ఈయనంటే రెట్టింపు గోల అని ఆవిడ భయపడింది. “కాదే, 20 అంటే పెరిగేది మూడు డెసిబెల్సే. చెవికి రెట్టింపు అనిపించాలంటే 100 కావాలి” అని శాస్త్రం చెప్పాడు. 100 అన్న మాట విన్నాక ఆవిడ మొహం చూసి, శాస్త్రం అక్కడితో ఆపేశాడు.

ఆయనకి జన్మశత్రువు హమ్. మన కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది కదా, ఆ ఊపు గిటారు పికప్‌లోకి దూరి జుమ్మంటుంది. తీగల మీద చెయ్యేస్తే తగ్గుతుంది. అందుకని ఒక్కోసారి తీగలు ఒడిసిపట్టుకుని, వాయించకుండా, అరగంట అలాగే కూర్చుంటాడు. ఓ రాత్రి నేరం ఫ్రిజ్ మీద మోపి స్విచ్ ఆపేశాడు. హమ్ పోలేదు, పాలు పోయాయి.

మొన్న చవితికి సెల్లార్‌లో విగ్రహం పెట్టాం. మైకుసెట్టు కుర్రాడు ఎంతకీ రాలేదు. పంతులుగారు పాలకొల్లు వైపు మనిషి, చేతి గడియారం చూసుకుంటున్నారు. అప్పుడు నాబేశ్వరరావు ఆంప్‌ని చంకనేసుకుని మెట్లు దిగాడు, సంజీవని పర్వతం తెచ్చినవాడిలాగా. మైకు వైరు గిటారు కంతలో సరిపోయింది. మైకు పంపే కరెంటు గిటారు దానికన్నా బాగా తక్కువ కాబట్టి గెయిన్ నాబ్ పూర్తిగా తిప్పేశాడు. పక్కనున్న, గరగర పుట్టించే ఓవర్‌డ్రైవ్ మీట రాత్రి నొక్కింది నొక్కినట్టే ఉంది.

పంతులుగారు ఆచమనం అన్నారు. హిరణ్యకశిపుడు పూజ చేయిస్తున్నట్టు సెల్లారంతా దద్దరిల్లింది. పిల్లలు ఈలలు వేశారు. ఈయన కంగారుగా మైకుని స్పీకరు ముందుకి జరపడంతో ‘కూ...’ అని కూత మొదలైంది. మీట ఎగరగొట్టి, గెయిన్ దించి, మైకుని పెట్టె వెనక్కి లాగేసరికి చెమటలు పట్టాయి.

“శుక్రవారం నాయనా, పదిన్నరకి రాహుకాలం” అన్నారు పంతులుగారు.

“పర్లేదండీ, బేస్ తొమ్మిదికే ఉంది.”

పంతులుగారు వంగి పెట్టెని చూశారు. “మా పాలకొల్లు కుర్రాడు మాండొలిన్ శ్రీనివాస్ కచేరీ విన్నాను. ఆయనదీ కరెంటు వాయిద్యమే. ఈ గరగర ఉండేది కాదు” అన్నారు.

నాబేశ్వరరావు ఏమీ అనలేదు. చివరి నాబ్ మెల్లగా తిప్పాడు. రివర్బ్. పంతులుగారు గొంతు సవరించుకుంటే ఆ సవరింపు గర్భగుడిలోంచి వచ్చినట్టు సెల్లార్ స్తంభాల మధ్య తిరిగింది. ఆయన కళ్లు పెద్దవయ్యాయి. మరోసారి, ఈసారి అవసరం లేకపోయినా, గొంతు సవరించుకున్నారు.

పూజ సాగింది. ఉండ్రాళ్లు చల్లారాయి. ఇరవై ఒక్క పత్రాల్లో పదో దాని దగ్గర పంతులుగారు చేత్తో మైకు మూసి, పక్కకి వంగారు.

“అది ఇప్పుడు ఎంతకుంది నాయనా?”

“పన్నెండుకండీ.”

“ఒంటిగంట చెయ్యి.”