మా రోబోకు తోబుట్టువులెందరో!

2005లో కెనడాలోని నయాగరా ప్రాంతంలో 1114, 1503, 1680 నంబర్ల హైస్కూల్ జట్లు మూడూ కలిసి ఒకే డిజైన్ గీసుకున్నాయి. ఒకే పోలికతో మూడు రోబోలు చేసి, డీన్ కామెన్ స్థాపించిన 'ఫస్ట్' సంస్థ పోటీల్లో దించాయి. ఇంకేముంది, రభస! మూడు జట్ల బుర్రలూ డబ్బులూ ఒక్కచోట చేరితే ఒంటరి జట్టు గతేం కాను అని కొందరు. దాచకుండా చేశారు, నేర్చుకున్నారు, తప్పేముంది అని మరికొందరు.

పాపం, అమాయకులు! ముగ్గురు పంచుకుంటేనే అంత గొడవా? ఇప్పటికైనా ఓసారి హైదరాబాద్ మెట్రోలో వచ్చి విక్టోరియా మెమోరియల్ దగ్గర దిగి, కొత్తపేట మీదుగా దిల్‌సుఖ్‌నగర్ దాకా నడిస్తే వాళ్ల సందేహాలన్నీ తీరిపోతాయి.

ఇంజినీరింగ్ ఫైనలియర్ చివరికొచ్చేసరికి ఇక్కడ ప్రాజెక్టుల సీజన్. కోచింగ్ బోర్డుల సందుల్లోంచి ప్రాజెక్టు సెంటర్ల బోర్డులు తొంగిచూస్తాయి. లైన్ ఫాలోయర్ కావాలా, బ్లూటూత్ కారు కావాలా, మంటలార్పే రోబో కావాలా? ఏదడిగినా లోపల అదే ఆర్డునో కంట్రోలర్ బోర్డు, అదే ఎల్298ఎన్ మోటార్ డ్రైవర్, అవే పసుపుపచ్చ మోటార్లు. దాంతోపాటే కోడు, డాక్యుమెంటేషన్, పీపీటీ, వైవాలో చెప్పాల్సిన జవాబులు. కాలేజీ మారితే మారేది అట్ట మీద పేరే. ఇక్కడి పండ్ల మార్కెట్ 2021లో తరలిపోయిందని దిగులు పడేవాళ్లకు ఓ మాట: ఒకే రాశిలోని కాయల్ని వేర్వేరు పెట్టెల్లో సర్ది వేర్వేరు స్టిక్కర్లు అంటించే విద్య మాత్రం ఎక్కడికీ పోలేదు.

ఆ డాక్యుమెంటేషన్‌ను తీరిగ్గా తిరగేయండి. మొదట్లోనే డిక్లరేషన్: 'ఇది మా స్వంత కృషి, మరెక్కడా సమర్పించలేదు.' ఆ స్వంత కృషి పేజీ కూడా సెంటర్‌వాళ్లు ప్రింటు తీసిచ్చిందే! ఆ వెనకే కృతజ్ఞతలు. చైర్మన్‌గారికి, ప్రిన్సిపాల్‌గారికి, హెచ్‌ఓడీకి, గైడ్‌కు, కన్నవారికి, స్నేహితులకు. రాత్రంతా కూర్చుని టంకం పెట్టి దాన్ని నడిపించిన సెంటర్ కుర్రాడికి మాత్రం లేదు. లోకంలో ఇంత కృతఘ్నత నిండిన కృతజ్ఞతల పేజీ ఇంకోటుండదు.

పంచుకోవడమే పాపమైతే ఆర్డునోయే పుట్టేది కాదు. నయాగరా జట్లు చేతులు కలిపిన ఆ 2005లోనే ఇటలీలోని ఇవ్రియాలో దాన్ని తయారుచేసినవాళ్లు డిజైన్‌ను అందరికీ వదిలేశారు. వాడుకోండి, మార్చుకోండి, మా పేరు మాత్రం చెప్పండి అన్నారు. మనవాళ్లు మొదటి మాట విన్నారు. రెండోదానికి తీరిక లేదు, మూడోదానికి మనసు లేదు.

నయాగరా పిల్లల మీద ఎవరైనా కేకలేయగలిగారంటే, కలిసి చేశామని వాళ్లు బాహాటంగా చెప్పుకున్నారు కాబట్టే. మన దగ్గర కేకల్లేవు. కొన్నవాడు చెప్పడు, అమ్మినవాడు చెప్పడు, గైడ్‌కు తెలిసినా అడగడు. వైవాకు వచ్చిన ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గారు పొద్దుట్నుంచీ అదే రోబోను ఎన్నోసారో చూస్తూ, 'వెరీ గుడ్, ఫ్యూచర్ స్కోప్ ఏమిటి?' అంటారు. ఆ జవాబూ ప్యాకేజీలో ఉంది. నగరానికి అటు చివర రాయదుర్గంలో, చేత్తో చేసి చూసుకోండని 2023లో టీ-వర్క్స్ అనే తయారీ కేంద్రం తెరిచారు. ఇటు చివర 'మీరు చేయి పెట్టకండి బాబూ, చెడిపోతుంది' అంటున్నాం.

కలిసి చేసినవాడు పంచుకున్నవాడు. కొని దాచినవాడు దొంగ. ఈ రెంటికీ తేడా తేల్చడానికి కమిటీలక్కర్లేదు. ఎక్స్‌టర్నల్‌గారూ, ఈసారి వైవాలో ఫ్యూచర్ స్కోప్ అడగకండి. రోబోలోంచి ఒక్క వైరు పీకి పిల్లల చేతికివ్వండి. మళ్లీ నడిపిస్తే, డిజైన్ ఎవరిదైనా సరే, పూర్తి మార్కులు వేసేయండి. నడిపించలేకపోతే ఆ మార్కులు సెంటర్ కుర్రాడికి పంపండి. పట్టా కూడా అతనికే ఇవ్వండి.