ఐదింటికల్లా పళ్లసెట్టు: ల్యాబ్ డిజైనర్‌కి అక్కరకొచ్చే చిట్కాలు

కింది దవడలో రెండు ఇంప్లాంట్లు, వాటి మీద లొకేటర్ బటన్లతోనో బార్‌తోనో పట్టి ఉండే, తీసి పెట్టుకునే పళ్లసెట్టు. మన ల్యాబులకి తరచూ వచ్చే కేసే. 2002లో మాంట్రియల్‌లోని మెగిల్ యూనివర్సిటీలో నిపుణులు కూర్చుని, కింది పళ్లన్నీ పోయినవాళ్లకి మొదట ఆలోచించాల్సింది ఇదేనని తేల్చారు. కాబట్టి కేసులకి కొదవ లేదు. కొదవల్లా టైముకే. డాక్టరుగారు మధ్యాహ్నం స్కాను పంపి సాయంత్రానికి డిజైన్ అడుగుతారు. కంగారు పడకండి. మీ దగ్గరున్న డిజైన్ సాఫ్ట్‌వేర్ ఎక్సోక్యాడ్ కానివ్వండి, త్రీషేప్ కానివ్వండి, మీరు చేయాల్సిన పనులు రెండే: ‘నెక్స్ట్’ నొక్కడం, తప్పొస్తే అది ఎవరి ఖాతాలో పడాలో ముందే చూసుకోవడం.

1. ఆర్డర్ ఫారం అర్థం కాకపోతే ఫోన్ చెయ్యకండి. ఇంప్లాంటు ఏ కంపెనీదో, ఏ సైజుదో రాయాల్సిన గడి సగం కేసుల్లో ఖాళీగానే వస్తుంది. అది మీకు వరం. ఫోన్ చేస్తే క్లినిక్ వాళ్లు చెప్పేస్తారు, ఆ తర్వాత బాధ్యత మీదైపోతుంది. లైబ్రరీలో మొదట కనిపించిన స్కాన్‌బాడీ తీసుకోండి. చూడ్డానికి అన్నీ ఒకటే. స్కానుతో కలిపేటప్పుడు దాని పక్కనున్న చదును కోత సరిగ్గా కలవకపోతే మౌస్‌తో కాస్త తిప్పి సర్దండి. ఇంప్లాంటు అర మిల్లీమీటరు పక్కకి జరుగుతుంది. జరగనివ్వండి. ఖాళీ గడిని మాత్రం స్క్రీన్‌షాట్ తీసి భద్రంగా దాచుకోండి. “మీ ఫారంలో కంపెనీ పేరు లేదు కదండీ” అన్న ఒక్క మాటకి ఎంత పెద్ద డాక్టరైనా చల్లబడతారు.

2. స్కానులో కన్నాలుంటే పూడ్చెయ్యండి. పళ్లు లేని నోట్లో స్కానర్‌కి ఆనవాలు దొరకదు. అంతా తడి చిగురు, కదిలే బుగ్గ. వెనక మూల రెట్రోమోలార్ ప్యాడ్ దగ్గరికి వచ్చేసరికి బొమ్మ చిరిగిపోతుంది. రంధ్రాలు మూసే బటన్ నొక్కితే సాఫ్ట్‌వేర్ అక్కడ నున్నటి చిగురు పుట్టిస్తుంది, అసలు దానికన్నా అందంగా. డెంచర్ అంచు ఎక్కడ ఆగాలో తెలియకపోతే పొడుగ్గానే గీయండి. పొడుగైతే “కొంచెం ట్రిమ్ చేసుకోండి సార్” అనొచ్చు. పొట్టిదైతే రీమేక్ అడుగుతారు. అంచులు మౌల్డ్ చేసి మామూలు ఇంప్రెషన్ తీసి పంపమనే మాట మన నోట రాకూడదు. వస్తే కేసు వారం ఆగుతుంది.

3. బైట్ రాలేదా? రెండు దవడల్నీ దగ్గరికి లాగి, కంటికి బాగున్నచోట వదిలెయ్యండి. నోరు ఊరికే ఉన్నప్పుడు పై పళ్లకీ కింది పళ్లకీ మధ్య 2 నుంచి 4 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలని కాలేజీలో చెప్పారు. ఆ ఖాళీ నోట్లో కొలవాలి, మీ స్క్రీన్ మీద కాదు, కాబట్టి అది మీ పని కాదు. ఎత్తు ఎక్కువైతే మాట్లాడుతుంటే పళ్లు టకటకమంటాయి, తక్కువైతే మూతి లోపలికి పోతుంది. రెండింటికీ జవాబు ఒకటే: “అలవాటవుతుందండి.”

4. పళ్ల అమరిక ఆటోమేటిక్‌కి వదిలెయ్యండి. వెనక పళ్లు చిగురు గట్టు దాటి బయటికి వాలినా ముట్టుకోకండి. కుడివైపు నమిలితే ఎడమవైపు లేస్తుందని ఎవరైనా అంటే “లొకేటర్లున్నాయి కదా” అనండి. ఈ మాట దాదాపు అన్నిటికీ పనికొస్తుంది. ఇక షేడ్ సంగతి. డెబ్బై ఎనిమిదేళ్ల మామ్మగారైనా సరే, పట్టికలో అన్నిటికన్నా తెల్లటిదే పెట్టండి. నవ్వితే ట్యూబ్‌లైటు వేసినట్టుండాలి. ల్యాబ్ వాట్సాప్ స్టేటస్‌లో ఫొటో వెలిగిపోతుంది, నలుగురు కొత్త డాక్టర్లు అడుగుతారు.

5. ఎర్ర రంగుకి బెదరకండి. డిజైనర్లు గంటలకి గంటలు పోగొట్టుకునేది ఇక్కడే, అందుకే కొంచెం వివరంగా చెబుతాను. ఇంప్లాంటు తల నుంచి పంటి అంచు దాకా లొకేటర్‌కి కనీసం 8, 9 మిల్లీమీటర్ల ఎత్తు కావాలంటారు. బార్ అయితే 12 నుంచి 14. మీ కేసులో 6 ఉంటుంది. అప్పుడు 33, 43 పళ్ల దగ్గర లొకేటర్ హౌసింగ్ నాలుక వైపు నుంచి పొడుచుకొస్తుంది, దాని మీద ప్లాస్టిక్ కాగితమంత మిగులుతుంది, స్క్రీన్ ఎర్రబడుతుంది. చాలామంది ఇక్కడ ఆగి డాక్టరుగారికి ఫోన్ చేస్తారు, పళ్లు జరుపుతారు, ఎత్తు తక్కువున్న అటాచ్‌మెంటు వెతుకుతారు. మీరు సెట్టింగులు తెరవండి. కనీస మందం 2 అని ఉన్నచోట 0.5 కొట్టండి. ఎరుపు పోతుంది. సమస్య పోయింది. లోపల మెటల్ మెష్ వేస్తే గట్టిగా ఉంటుందన్న సంగతి ఎత్తకండి, అది మళ్లీ ఇంకో రోజు పని.

ఆ సెట్టు విరిగితే సరిగ్గా హౌసింగ్ మీదే విరుగుతుంది. విరిగాక అడగాల్సిన ప్రశ్న డాక్టరుగారికి ముందే నేర్పి పెట్టండి: “ఏం తిన్నారు మామ్మగారూ?” పండక్కి చేసిన జంతికో, చేగోడీయో, ఏదో ఒకటి తినే ఉంటారు. ఆవిడ నోట జంతిక పేరు రాగానే తప్పు ఆవిడదైపోతుంది. పక్కనున్న కోడలు కూడా “వద్దంటే విన్లేదండీ” అని మీకే వంత పాడుతుంది.

6. బార్ డిజైన్ చేస్తుంటే దాన్ని చిగురుకి ఆనించెయ్యండి. కింద ఖాళీ వదిలితే బ్రష్ పెట్టి శుభ్రం చేసుకోవచ్చట. ఎవరు చేస్తారు?

7. ట్రై-ఇన్ అడిగితే “డిజిటల్ కదండీ, అక్కర్లేదు” అనండి. ముందు చవక రెజిన్‌లో ఒక నమూనా ప్రింట్ తీసి నోట్లో పెట్టి చూస్తే బైటూ, పెదవీ, మధ్యగీతా అన్నీ బయటపడతాయి. బయటపడటమే మనకి వద్దు. తప్పు ఫైనల్‌లో తేలితే రీమేక్ చార్జీ గురించి బేరమైనా ఆడొచ్చు. ట్రై-ఇన్‌లో తేలితే ఊరికే సరిచేసి ఇవ్వాలి.

8. ప్రింటర్ నుంచి తీసిన సెట్టుని ఆల్కహాల్‌లో ఒకసారి ముంచి తీయండి, క్యూరింగ్ బాక్స్‌లో సగం టైమే పెట్టండి. ఐదు దాటితే కొరియర్ కుర్రాడు వెళ్లిపోతాడు. సరిగ్గా క్యూర్ కాని రెజిన్‌తో చిగురు మండితే “అలర్జీ అయి ఉంటుంది” అనే మాట మర్యాదగా ఉంటుంది.

9. హౌసింగ్ కూర్చునే గుంటకి గ్యాప్ సున్నా పెట్టండి. అప్పుడది కూర్చోదు. డాక్టరుగారు బర్ తీసుకుని గుంటని అరగదీస్తారు. ఒకసారి ఆయన చెయ్యి పడిందా, ఇక ఆ సెట్టు మనది కాదు. ఇన్నాళ్ల పనిలో ఇంతకన్నా చవకైన ఇన్సూరెన్స్ నాకు కనపడలేదు. పొట్లంలో లొకేటర్ చుట్టూ వేసే తెల్ల రింగు పెట్టడం మర్చిపోండి. అది లేకపోతే నోట్లో పికప్ చేసేటప్పుడు రెజిన్ కిందికి జారి గట్టిపడి సెట్టుని అక్కడే బిగించేస్తుంది. పట్టు లేదని మాత్రం ఎవరూ అనలేరు.

హౌసింగ్‌లో వేసే నైలాన్ ఇన్సర్టుల్లో నీలం ఒకటిన్నర పౌండ్ల పట్టు, గులాబీ 3, తెలుపు 5. తెలుపే పంపండి. “అబ్బ, ఎంత గట్టిగా ఉందో” అని ఆ రోజు కుర్చీలోనే మెచ్చుకుంటారు. ఇంటికెళ్లాక కీళ్లనొప్పుల వేళ్లతో మామ్మగారు దాన్ని ఊడదీయలేక రాత్రి కూడా పెట్టుకునే పడుకుంటారు. చిగురు వాచేది క్లినిక్‌లో కనపడుతుంది, ల్యాబ్‌లో కాదు.

10. కేసు వెళ్లగానే ఫైలు చెరిపెయ్యండి. ఫైలుంటే సెట్టు పోయినా విరిగినా అదే మళ్లీ ప్రింట్ తీసి ఇవ్వచ్చని ఈ పద్ధతి గురించి గొప్పగా చెబుతారు. అలా ఇస్తే ప్రింటింగ్ ఖర్చే వస్తుంది. ఫైలు లేకపోతే స్కాను నుంచి మొదలు. కంప్యూటర్ ఫార్మాట్ అయిందని చెప్పండి, కొత్త ఫారం పంపమనండి. అందులో ఇంప్లాంటు కంపెనీ గడి ఖాళీగా వచ్చిందో లేదో ముందు చూసుకోండి.