పెట్టెల్లో వచ్చినదాన్ని

‘పాత జీపు అమ్మబడును. రిపేరు చేసుకోవాలి’ అని మా ఇంటి కుర్రాడు ఫోన్‌లో ఫొటో పెట్టాడు. వచ్చిన ప్రతివాడికీ, “సామాన్లన్నీ ఉండాయన్నా, బిగించుకోవడమే” అంటున్నాడు. నాకు నవ్వొస్తుంది. ఈ దేశానికి మా జాతి వచ్చిందే సామాన్లుగా!

మా పుట్టిల్లు అమెరికాలోని టొలీడో. రెండో ప్రపంచ యుద్ధంలో పేరొచ్చాక మమ్మల్ని విడిభాగాలుగా పెట్టెల్లో సర్ది ఓడ ఎక్కించారు. 1947లో మొదటి విడతగా 75 జీపులు సామాన్లుగా దిగాయి, బొంబాయిలో బిగించారు. మమ్మల్ని తెప్పించిన కంపెనీ పేరు అప్పట్లో మహీంద్రా అండ్ మొహమ్మద్. మొహమ్మద్ గారు పాకిస్తాన్‌కు ఆర్థికమంత్రిగా వెళ్లిపోతే, 1948లో అది మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. నేను ఆ తర్వాతి కాన్పుదాన్ని, సీజే-3బి రకం. ఇంజను ఎత్తు పెరిగిందని బానెట్‌నూ పైకి లేపారు. నా నొసలు చూసి నవ్వేవాళ్లకు ఈ సంగతి తెలియదు.

నెల్లూరు జిల్లా వరికుంటపాడు చేరాక బస్సు రాని దోవలన్నీ నావే. వంకలో ఇసుక పట్టేస్తే చిన్న లివరు లాగేవారు, నాలుగు చక్రాలూ కలిసి గుంజేవి. నర్రవాడ వెంగమాంబ తిరునాళ్లకైతే లోపల ఎందరో నాకే తెలియదు. బానెట్ మీద ఇద్దరు, వెనక వేలాడేవాళ్లు నలుగురు, వాళ్ల సంచులు వేరే. ఒక అర్ధరాత్రి ఈ ఇంటి కోడలిని కాన్పుకని ఆత్మకూరు తీసుకుపోతుంటే, సగం దారిలో నా వెనక సీట్లోనే మగబిడ్డ పుట్టాడు.

ఆ బిడ్డే పెద్దయ్యాక నా గుండె పీకించాడు. పెట్రోలు భరించలేమని డీజిల్ ఇంజను పెట్టించాడు. పాతదాన్ని ఇనప సామాన్లవాడికి వేసేస్తుంటే వాళ్లమ్మ అడ్డం పడి కొట్టంలో పెట్టించింది. కొన్నేళ్లకు ఆ డీజిలుదీ అయిపోయింది, ఎవరో మోటారుకని పట్టుకుపోయారు.

నన్ను వేపచెట్టు కిందికి నెట్టారు. అక్కణ్ణుంచి మళ్లీ ముక్కలవడం మొదలు. ముందు బ్యాటరీ పోయింది. టాపు గుడ్డ వామి మీదికెక్కింది. స్టెప్నీ టైరు పిల్లలకు ఉయ్యాలయింది, దానికి మాత్రం నాకేం బాధ లేదు. సీట్ల పీచు ఎలుకలు లాగేశాయి. నేల రేకు తుప్పుపట్టి చిల్లు పడితే అందులోంచి సర్కారు తుమ్మ మొలిచి, ఇప్పుడు స్టీరింగు దాకా వచ్చింది. డ్రైవరు సీట్లో ముళ్లచెట్టు. నడిపేవాడు దొరికాడు, కదలడంతే.

నిన్న నెల్లూరు నుంచి ఒకాయన వచ్చాడు. యాభై ఏళ్లు దాటిన బండ్లకు 2021లో కొత్త రూలు వచ్చిందట. వింటేజ్ రిజిస్ట్రేషన్, నంబరులో ‘వీఏ’ అక్షరాలు, ఫీజు 20,000 రూపాయలు. కాకపోతే బండి పుట్టినప్పటి రూపులోనే ఉండాలి, రోజూ రోడ్డు మీద తిప్పకూడదు. రంగేసి, తుడిచి, ప్రదర్శనలకు తీసుకుపోతారట. మరి నర్రవాడకో?

“ఒరిజినల్ ఇంజను యాడుంది?” అన్నాడాయన.

కుర్రాడు కొట్టంలోకి తీసుకెళ్లాడు. గోనెసంచుల మధ్య నా ఇంజను, దాని మీద రెక్కలు విప్పుకుని పొదుగుతున్న కోడి. ఆయన చెయ్యి చాచాడో లేదో, అది ముక్కుతో పొడిచింది.

“దాన్ని కదిలించబాకు నాయనా,” అంది గుమ్మంలోంచి అవ్వ. “పిల్లలు లేవడానికి ఇంకో వారం పడతాది. అప్పుడు రా.”