గుజ్జు లేని మోకాలు

ఇంతకీ బ్యాట్‌మ్యాన్ మోకాలు ఏమైనట్టు?

కొన్నాళ్లుగా ఇదే నన్ను తినేస్తోంది. ‘ది డార్క్ నైట్ రైజెస్’ చూసినవాళ్లకి కథ చెప్పనక్కర్లేదు. చూడనివాళ్లు ఈపాటికి పేజీ తిప్పేసి ఉంటారు. అంచేత నేరుగా మోకాలి దగ్గరికే వచ్చేస్తాను. 2012 జులైలో ఆ సినిమా వచ్చినప్పుడు నాకీ అనుమానమే రాలేదు. అప్పటికి నా మోకాళ్లు బాగానే ఉండేవి. ఈమధ్య టీవీలో మళ్లీ చూస్తుంటే పట్టుకుంది.

ఎనిమిదేళ్లు బంగళాలో తలుపులేసుకుని, కర్ర పట్టుకు తిరిగే బ్రూస్ వేన్ ఎట్టకేలకు ఆసుపత్రికి వెళ్తాడు. డాక్టరు చూసి, నీ మోకాల్లో గుజ్జన్నదే లేదు నాయనా అన్నంత పని చేస్తాడు. మోచేతుల్లోనూ భుజాల్లోనూ కూడా పనికొచ్చేంత లేదట. మూత్రపిండాల సంగతి, మెదడు సంగతి వేరే. ఇవన్నీ విని మన హీరో ఏం చేశాడు? మందుల చీటీ పుచ్చుకున్నాడా? లేదు. అదే ఆసుపత్రి కిటికీలోంచి తాడు పట్టుకుని దిగి గోర్డన్ గదిలో దూరాడు. ఆ తర్వాత కాలికి ఏదో యంత్రం బిగించుకుని, ఒక్క తన్నుతో ఇటుకలు పగలగొట్టాడు. సరే, డబ్బున్నవాడు. మనకి బెల్టు, వాళ్లకి యంత్రం.

అసలు గొడవ తర్వాత. బేన్ అతని నడుం విరిచి, ఎక్కడో ఎడారి దేశంలో ఓ పాతాళబావి లాంటి జైల్లో పడేస్తాడు. కాలి యంత్రం వెంట రాలేదు. మనిషిని విరిచి పారేసేవాడు సామాను సర్ది పంపడు కదా. బావిలో ఉన్న తోటి ఖైదీ బయటికి పొడుచుకొచ్చిన వెన్నుపూసని పిడికిలితో గుద్ది లోపలికి పంపించి, తాడుకి వేలాడదీసి నిలబెడతాడు. దీన్ని ఒప్పుకుంటాను. పుత్తూరు కట్టు తెలిసిన జాతి మనది, గుడ్డుసొనతో ఎముకలు అతికించినవాళ్లం. గుద్దితే పూస కుదురుకుందంటే కాదనను. మరి మోకాలో? వెన్ను బాగయ్యాక అతను దండీలు తీశాడు, గోడలెక్కాడు, గెంతాడు. మోకాలి ఊసే లేదు. ఆ గుజ్జు ఎవరు పోశారు?

మా మేనల్లుణ్ని అడిగాను. “అది సింబాలిక్ మావయ్యా” అన్నాడు.

“సింబాలిక్ మోకాలా?”

“భయం పోతే నొప్పి పోతుందని చెప్పడం.”

వాడికి ఇరవై నాలుగేళ్లు. వాడి దగ్గర గుజ్జు పుష్కలంగా ఉంది, ఏమైనా అంటాడు. నేను రెండో అంతస్తులో ఉంటాను, లిఫ్టు ఎప్పుడు చూసినా రిపేరులో ఉంటుంది. మెట్లెక్కేటప్పుడు మోకాలి మీద మన బరువుకి మూడు రెట్ల దాకా పడుతుందట. ఈ ముక్క చెప్పిన డాక్టరే బరువు తగ్గమన్నాడు. తగ్గాలంటే నడవమన్నాడు. నడిస్తే అరుగుతుందన్నాడు. మా పక్కింటాయన నల్లేరు పచ్చడి తినమన్నాడు. ఆయన భార్య, ఆయన మాట వినొద్దు, ఆవనూనెలో వెల్లుల్లి కాచి రాయమంది. మా చిన్నాన్న అయితే, ఇవన్నీ కాదురా, అలిపిరి మెట్లెక్కు, స్వామే చూసుకుంటాడన్నాడు.

అలిపిరి నుంచి కొండకి మూడు వేల అయిదొందల యాభై మెట్లు. గాలిగోపురం దాకా ఊపిరి పోతుంది, తర్వాత కొంత చదును, జింకల పార్కు, ఆ పైన వస్తుంది మోకాళ్ల పర్వతం. రామానుజులవారు ఆ కొండ మీద పాదం మోపడం తప్పని మోకాళ్లతో ఎక్కారని చెబుతారు. నేటికీ కొందరు అక్కడ మోకాళ్ల మీదే ఎక్కుతారు. మా చిన్నాన్న డెబ్బయ్యో ఏట అలా ఎక్కాడు. అందుకే బావి సీను చూస్తూ నోలన్ మహాశయుణ్ని ఎవరైనా ఒక్కసారి తిరుపతి తీసుకెళ్లి ఉంటే బాగుండేదనుకున్నాను. బావిలో ఖైదీలంతా గొంతు కలిపి అరిచే ‘దేశి బసారా’ ఉంది చూశారూ, హన్స్ జిమ్మర్ దానికోసం ఇంటర్నెట్‌లో లోకంలోని అభిమానులందర్నీ పిలిచి వాళ్ల గొంతులు రికార్డు చేయించుకున్నాడు. అంత శ్రమ దేనికి? వైకుంఠ ఏకాదశినాడు అలిపిరిలో ఒక్క మైకు పెడితే చాలు, గోవింద నామంతో అదిరిపోయేది. పైగా అక్కడ ఎక్కేవాడికి దారి పొడుగునా మజ్జిగా మామిడికాయ ముక్కలూ దొరుకుతాయి. పడిపోతే పట్టుకోవడానికి వెనకాల ఓ పెళ్లివారి గుంపు ఉంటుంది. బ్రూస్ తాడుతో ఎక్కి పడ్డాడు, తాడు వదిలేసి ఎక్కాక గానీ గట్టెక్కలేదు. తాడు వదలడమే రహస్యమట! మా చిన్నాన్నకి ఈ రహస్యం తెలియదు. ఆయన రెయిలింగు పట్టుకునే ఎక్కాడు, దర్శనం బాగానే అయింది.

బావి పైకొచ్చాక గోథమ్ ఎలా చేరాడన్నది అందరూ అడిగేదే, నేను వదిలేస్తున్నాను. ఆ పైకొచ్చిన చోటు 2011 మే నెలలో మన జోధ్‌పూర్‌లో తీశారు. మే నెల ఎండకి అక్కణ్నుంచి ఎవడైనా ఎక్కడికైనా పారిపోతాడు.

కానీ బేన్ విషయం మాత్రం వదల్లేను. ఊరంతటినీ నెలల తరబడి గుప్పిట్లో పెట్టుకున్నవాణ్ని, బ్యాట్‌మ్యాన్ నడుమే విరిచినవాణ్ని, సెలీనా వచ్చి బండి మీంచి ఒక్క పేలుడుతో అవతల పారేస్తుంది. వాడు పోయాడని అర్థమయ్యేలోపు సీను మారిపోయింది. అంతకుముందే తాలియా వచ్చి అసలు సూత్రధారిని నేనేనంటుంది. అంటే మనం రెండు గంటలు భయపడింది పనివాణ్ని చూసా? జోకర్ తర్వాత మరో విలన్‌ని నిలబెట్టడం కష్టమే. హీత్ లెడ్జర్ 2008 జనవరిలో పోయాడు, ఈ మూడో భాగంలో అతని పాత్ర పేరైనా ఎత్తలేదు. అది మర్యాద. బేన్‌కి కూడా కాస్త మర్యాదైన చావు ఇవ్వొచ్చు కదా.

ఇక ఆల్ఫ్రెడ్. 2012లో ఈయన నాకు అడ్డం. బ్యాట్‌మ్యాన్ ఎప్పుడొస్తాడా అని మేం చూస్తుంటే, వెళ్లొద్దు బాబూ అని ఏడుస్తాడేమిటీ ముసలాయన అనుకున్నాను. బ్రూస్ ఊరొదిలి తిరిగిన ఏడేళ్లూ ఈయన ఏటా ఫ్లోరెన్స్ వెళ్లి, ఆర్నో ఒడ్డున ఓ కెఫేలో కూచునేవాడట. ఎదుటి బల్ల దగ్గర బ్రూస్ భార్యతో, వీలైతే పిల్లలతో కనబడాలని. పలకరింపులు కూడా అక్కర్లేదు. పిల్లాడు తిరిగి రావాలని కాదు ఆయన కోరుకున్నది, ఆ ఊరికి రాకుండా ఎక్కడో సుఖంగా ఉండాలని. ఇప్పుడు మావాడు డాలస్‌లో ఉన్నాడు. ఎప్పుడొస్తావురా అని ప్రతి ఆదివారం అడుగుతాను. అక్కడే కుదురుకుంటే బాగుణ్ననీ అనుకుంటాను. రెండూ అబద్ధం కాదు. చెప్పుకోవడానికి ఏమీ మిగలనప్పుడు వాడు తెర మీద తలూపుతాడు, నేనూ ఊపుతాను.

కాకపోతే మావాడు ఫోనైనా చేస్తాడు. బ్రూస్‌బాబు ఆ మర్యాద కూడా చేయలేదు. ఖాళీ సమాధి ముందు ఆల్ఫ్రెడ్, మీ అబ్బాయిని కాపాడలేకపోయానని అతని తల్లిదండ్రులకి చెప్పుకుని కుమిలిపోయాడు. పోనీ, బ్రూస్ దాక్కున్నవాడు, ఫోన్ చేస్తే గుట్టు బయటపడుతుంది. లూసియస్ ఫాక్స్‌కి ఏమొచ్చింది? విమానం ఆటోపైలట్‌ని బ్రూస్ ఆర్నెల్ల కిందటే బాగుచేశాడని ఈయనకి తెలిసిపోయింది. ఆటోపైలట్ పనిచేస్తే బాంబుతో పాటు సముద్రం మీదికి పోవాల్సిన పని మనిషికి లేదు. అంటే బతికే ఉండొచ్చు. ఆ క్షణాన చేయాల్సిన పని ఏమిటి? రెండు గంటల నలభై నిమిషాలు దాటిన సినిమాలో, స్టాక్ ఎక్స్ఛేంజీ దగ్గర పట్టపగలు బయల్దేరిన ముఠా ఒక్క సొరంగం దాటేసరికి రాత్రయిపోయేంత తీరిక ఉంది గానీ, ఆల్ఫ్రెడ్‌కి ఫోన్ చేయడానికి అర నిమిషం లేకపోయింది. పాపం ఆయన విమానం టికెట్ కొనుక్కుని ఇటలీ దాకా వెళ్లి స్వయంగా చూసుకోవాల్సొచ్చింది. ఫాక్స్‌గారూ, కనీసం ఒక మిస్డ్ కాల్ ఇచ్చి ఉండాల్సింది.